సంబంధం: మామ

6 ఫిబ్రవరి 1984, సోమవారం

భగవతి కాకీ వచ్చే నెలాఖరుకి వెళ్లిపోతోంది. లౌటోకా దగ్గర నటబువాలో ఆమె కూతురికి కవలలు పుట్టారు. తల్లి పక్కన లేకపోతే ఆ అమ్మాయికి గడవదు. ఈ మాట నాతో ఎలా చెప్పాలా అని కాకీ మూడు రోజులుగా తనలో తనే మథనపడిందట. ఇవాళ పొద్దున సత్యకి తల దువ్వుతూ చెప్పేసింది. చెప్పి తనే ఏడ్చింది. నాకు బస్సు టైమయింది.

రోజంతా ప్రెస్‌లో చేతులు పని చేశాయి, బుర్ర చేయలేదు. ఒక పెళ్లి కార్డులో పెళ్లికొడుకు పేరు రెండుసార్లు పెట్టి, పెళ్లికూతురి పేరు వదిలేశాను. ఓం ప్రకాష్ గారు ప్రూఫ్‌లో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. నాకేసి కళ్లజోడు మీదుగా చూశారు.

సంగతి రాసుకుంటాను. రాస్తే కొంచెం కుదురుగా ఉంటుంది.

నా చెల్లెలు కాంత పోయి మూడు నెలలు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరంతో దాని గుండె పాడైంది. డాక్టర్లు పెళ్లి వద్దన్నారు, చేసుకుంది. బిడ్డ వద్దన్నారు, కన్నది. ఆ బిడ్డే సత్య. మూడున్నరేళ్లు. తండ్రి ధర్మేంద్ర, పిల్ల ఆర్నెల్లది ఉండగా సముద్రం దాటి లంబాసా వెళ్లాడు, చక్కెర మిల్లులో పని అని. అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. కాంత పోయిందని టెలిగ్రాం కొడితే రాలేదు.

నేను మేనమామని. ముప్పై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. సువా పట్నంలో, సమాబులాలో ఒకటిన్నర గది. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా టూరక్‌లో, ఓం ప్రకాష్ గారి ప్రెస్‌లో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్ని. ఆ తొమ్మిది గంటలూ సత్యని చూసేది పక్క వాటాలో ఉండే భగవతి కాకీ. చుట్టం కాదు. మా కులం కాదు, మా భాష కాదు. పిల్లని ఎత్తుకుంది, అంతే.

ఈ నోట్‌బుక్ తెలుగులో రాస్తున్నాను. నవువాలో మున్సామి మాస్టారు నేర్పిన అక్షరాలు ఇంకా చేతిలో ఉన్నాయి. ఈ వీధిలో ఇంకెవరికీ రావు. తాళం అక్కర్లేదు.

9 ఫిబ్రవరి, గురువారం

ఓం ప్రకాష్ గారు ఒక దారి చెప్పారు. బస్ స్టాండుకి దగ్గరలో ఒక చర్చి హాలు వెనక డే నర్సరీ ఉంది. ఉద్యోగాలు చేసుకునే వాళ్ల పిల్లల్ని పగలంతా చూస్తారు. మధ్యాహ్నం అన్నం, నిద్ర, పాటలు. ఫీజు నాలాంటి వాడి వల్ల కాదు. కానీ ఇబ్బందుల్లో ఉన్న వాళ్ల పిల్లలకి వెల్ఫేర్ ఆఫీస్ ఆ ఫీజు కడుతుందట. అప్లై చేయాలి.

లంచ్‌లో పరుగెత్తి చూసి వచ్చాను. అక్కడి సలోటె టీచర్ భారీ మనిషి. ఒక చంకలో ఒకడు, కాలు పట్టుకుని ఇంకొకడు. ఆమె ఒక ఖాళీ ఉందని, జూన్ నెలాఖరు దాకా అట్టే పెడతానని చెప్పింది. ఆ తర్వాత తన చేతిలో లేదంది. వినాకా, వినాకా అని నాలుగుసార్లు థాంక్స్ చెప్పాను. నాకు వచ్చిన ఫిజియన్ అంతే.

13 ఫిబ్రవరి, సోమవారం

హాఫ్ డే లీవ్. వెల్ఫేర్ ఆఫీస్‌లో క్యూ మెట్ల దాకా. నా ముందు ఒక అవ్వ తన కాగితాలన్నీ పౌడర్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది. వాన పడ్డా తడవవట.

ఫారం నాలుగు పేజీలు. కావలసినవి: నా బర్త్ సర్టిఫికెట్, కాంతది, సత్యది, కాంత డెత్ సర్టిఫికెట్, జీతం కాగితం, ఇంటివాడి ఉత్తరం, నర్సరీ ఉత్తరం. అన్నీ రెండేసి కాపీలు.

రెండో పేజీలో రిలేషన్‌షిప్ టు చైల్డ్ అని ఒక గడి. పెద్ద గడి కూడా కాదు. అంకుల్ అని రాయబోయి ఆగాను. అంకుల్ అంటే ఎవడైనా కావచ్చు. బస్సు డ్రైవర్ కూడా అంకులే. నేను సత్యకి అది కాదు. MAMA అని పెద్ద అక్షరాల్లో రాశాను. హిందీ వాళ్లకీ అదే మాట. ఈ ఊళ్లో సగం మందికి తెలిసిన మాట.

రాసినందుకు సంతోషంగా ఉంది. మొదటిసారి ఒక సర్కారు కాగితం మీద నేనేమిటో రాశాను.

20 ఫిబ్రవరి, సోమవారం

వెనక్కి ఇచ్చారు. నా బర్త్ సర్టిఫికెట్‌లో నాన్న పేరు నరైనయ్య. కాంత దాంట్లో నారాయణ్. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని రుజువేమిటని అడిగాడు విండోలో ఉన్నాయన. దురుసుగా కాదు, నీరసంగా. ఆయన వెనక ఫైళ్లు ఆయన భుజం దాకా ఉన్నాయి.

మా ముక్కులు చూడండి అందామనుకున్నాను. ఒక జేపీ, అంటే సర్కారు స్టాంపు ఉన్న జస్టిస్ ఆఫ్ ది పీస్, ముందు డిక్లరేషన్ చేయించుకు రమ్మన్నాడు. నాన్నని ఎరిగిన మనిషైతే ఇంకా మంచిదట.

నాన్నని ఎరిగిన జేపీ లోకంలో ఒక్కరే ఉన్నారు.

26 ఫిబ్రవరి, ఆదివారం

సత్యని తీసుకుని నవువా వెళ్లాను. బస్సులో గంటకి పైగా. సత్య కిటికీలోంచి వరి చేలు చూసి, అంత గడ్డి ఎవరు తింటారని అడిగింది. మనమే అన్నాను. నమ్మలేదు.

మున్సామి మాస్టారికి డెబ్బై ఎనిమిది. చూపు మందగించింది. గొంతు విని గుర్తుపట్టారు. కూర్చోమనలేదు. ముందు ఒక పలక తెప్పించి "క్షమ రాయి" అన్నారు. రాశాను. కళ్లకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశారు.

"వత్తు మంచి ఉంది. ఇప్పుడు చెప్పు, ఏం పని?"

చెప్పాను. పకపకా నవ్వారు.

"అరే, మీ నాయన పేరు ఇస్కూల్ రిజిస్టర్‌లో నేనే రాసినా గదా. నరసయ్య అని రాసినా. పేరు చెప్పేటప్పుడు మీ నాయన నోట్లో పొగాకు ఉండె. నాకు అట్లే వినపడె."

అంటే మూడో పేరు.

"అది ఎవరికీ చెప్పకు," అన్నారు. "రిజిస్టర్ వరదలో పోయింది. మంచి పని చేసింది వరద."

నరైనయ్య, నారాయణ్ ఒకడే మనిషి, అతన్ని నలభై ఏళ్లు ఎరుగుదును, అతని పిల్లలిద్దరూ నా దగ్గర చదువుకున్నారు అని ఇంగ్లీషులో చెబుతూ పోయారు, నేను రాశాను, ఆయన సంతకం పెట్టారు. సంతకం కాగితం అంచు దాటి బల్ల మీదికి పోయింది. స్టాంపు మాత్రం తిన్నగా వేశారు. కాంత చదువులో నీకంటే చురుకు అన్నారు. నిజమే.

వచ్చేటప్పుడు ఒక సంచీ నిండా బియ్యం పెట్టించారు. వద్దంటే కసిరారు.

5 మార్చి, సోమవారం

ఫారం తీసుకున్నారు. తీసుకుని, స్టాంపు వేశారు! బయటికి వచ్చి రోడ్డు మీద ఒక ఐస్‌బ్లాక్, పుల్ల ఐసు, కొనుక్కుని నేనే తిన్నాను, పిల్లాడిలా.

14 మార్చి

వాన. ఉత్తరం లేదు.

19 మార్చి

వాన. ఉత్తరం లేదు. భగవతి కాకీ పెట్టెలు సర్దుతోంది. సత్య ఒక్కొక్కటీ తీసి బయట పెడుతోంది.

23 మార్చి, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. డియర్ మిసెస్ వీరస్వామి అని ఉంది. దరఖాస్తుదారు స్వయంగా ఆఫీసుకి రావాలట. వీరస్వామి నేనే, మిసెస్ వీరస్వామి ఎవరో నాకు తెలియదు. కాకీకి చదివి వినిపిస్తే, ఆమె ఎక్కడుందో వెల్ఫేర్ వాళ్లకి తెలిస్తే అడ్రస్ తీసుకో బేటా, పెళ్లి చేసేద్దాం అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. చాలా రోజులైంది.

26 మార్చి, సోమవారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

విండోలో ఉత్తరం చూపిస్తే, తల్లి రావాలి, మీరు కాదు అన్నాడాయన. తల్లి నవంబర్‌లో చనిపోయిందన్నాను. ఆయన ఫైలు తెరిచాడు. ముఖం మారింది. దరఖాస్తు మీద ఫిబ్రవరి పదమూడున తల్లి సంతకం పెట్టింది కదా అన్నాడు. నవంబర్‌లో చనిపోయిన మనిషి ఫిబ్రవరిలో సంతకం ఎలా పెట్టింది?

క్యూలో వాళ్లంతా వింటున్నారు. ఫైలుతో సహా నన్ను లోపలికి పంపారు, మిస్ లితియా అనే ఆఫీసర్ దగ్గరికి. ఫిజియన్ మనిషి, నలభై పైన, జుట్టు నిండుగా గుండ్రంగా. నవ్వలేదు. దొంగ కాగితాలు పెడితే కేసు పోలీసుకి వెళుతుంది, పిల్ల అనాథల హోంకి వెళుతుంది అని నెమ్మదిగా చెప్పింది. బెదిరింపులా లేదు. జరిగేది చెబుతున్నట్టు ఉంది. అందుకే ఇంకా భయమేసింది.

ఫైలు ఆమె ముందు తెరిచి ఉంది. నాకు తలకిందులు. కానీ పద్దెనిమిదేళ్లుగా నేను చదివేదే తలకిందులు. సీసపు అక్షరాలు తలకిందులుగా, కుడి ఎడమలు మారి ఉంటాయి. దాని ముందు ఇదెంత. టైపు చేసిన షీటు మీద చదివాను. అప్లికెంట్: వీరస్వామి. రిలేషన్‌షిప్: మదర్.

కింద క్లిప్పులో నా చేతిరాత. MAMA.

"మిస్, నేను మదర్‌ని కాదు," అన్నాను. ఇంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. అది కనపడుతూనే ఉందంది.

టైపిస్ట్ పొరపాటు అని చెప్పాను. మామ అంటే అమ్మ కాదు. అమ్మ తోడబుట్టినవాడు. తెలుగులోనూ అంతే, హిందీలోనూ అంతే. ఇంగ్లీషులో మాత్రమే అది అమ్మ. ఆమె షీటు ఎత్తింది. కింది కాగితం చూసింది. మళ్లీ షీటు చూసింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీ కదిలింది. నవ్వు ఆపుకుని, కళ్లు తుడుచుకుని, మోమో! అంది. వాళ్ల భాషలో మేనమామని మోమో అంటారట. చెల్లెలి బిడ్డకి ఇంకో పేరుంది, వాసు. మేనమామ ఇంట్లో వాసు ఏది అడిగినా కాదనకూడదట. పెరట్లో పంది నచ్చితే పంది, పడవ నచ్చితే పడవ.

నా దగ్గర పందీ లేదు పడవా లేదన్నాను.

"కానీ వాసు ఉంది," అంది. మదర్ అన్న మాట కొట్టేసి, పక్కన తన చేత్తో మదర్స్ బ్రదర్ అని రాసి, చిన్న సంతకం పెట్టింది. నేను ఒక గదిలో ఇంత సేపు ఇంత భయపడి, ఇంత తొందరగా తేలిక పడటం ఎప్పుడూ లేదు.

ఇంకా రెండు మిగిలాయట. ఒకటి, ఆమె ఇంటికి వచ్చి చూడాలి. రెండు, తండ్రి బతికే ఉన్నాడు కాబట్టి తండ్రి నుంచి అభ్యంతరం లేదని కాగితం రావాలి.

మెట్లు దిగుతుంటే భయం మళ్లీ మొదలైంది. రెండో దానికి.

28 మార్చి, బుధవారం

ధర్మేంద్రకి రాయాలి. రాయను. రాస్తే వాడికి పిల్ల గుర్తొస్తుంది. గుర్తొస్తే కావాలంటాడు. చట్టంలో పిల్ల వాడిదే. మేనమామకి చట్టంలో ఏ గడీ లేదు. చెప్పకుండా ఊరుకుంటే గ్రాంట్ రాదు. చెబితే పిల్లే పోవచ్చు.

కాకీ వెళుతోంది కాబట్టి ఈ ఆలోచన ఆమెతో చెప్పలేదు. వెళ్లేటప్పుడు ఆమె మనసు బరువు చేయడం ఎందుకు.

31 మార్చి, శనివారం

కాకీని లౌటోకా బస్సు ఎక్కించాం. సత్య ఏడవలేదు. బస్సు మలుపు తిరిగాక, కాకీ మళ్లీ దిగుతుందా అని అడిగింది. తర్వాత ఏడ్చింది. నాకు మా అమ్మ బాగా గుర్తు లేదు. భగవతి కాకీ నాకు గుర్తుంటుంది.

3 ఏప్రిల్, మంగళవారం

సత్యని ప్రెస్‌కి తీసుకెళుతున్నాను. ఓం ప్రకాష్ గారు తన సొంత కుర్చీ ఇచ్చి, కాగితపు ముక్కలు ఇచ్చి, బొమ్మలు గీయమన్నారు. నిన్న బాగానే ఉంది. ఇవాళ అక్షరాల కేసు గళ్లలోంచి ఒక అచ్చక్షరం తీసి నోట్లో పెట్టుకుంది. సీసం. వేలు పెట్టి బయటికి లాగాను. అది ఒక చిన్న ఎస్. ఓం ప్రకాష్ గారి ముఖం తెల్లబోయింది. పొమ్మనలేదు. కానీ ఇలా నడవదని ఇద్దరికీ తెలిసింది.

సాయంత్రం బస్సులో పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. దాన్ని చూస్తూ నిర్ణయించుకున్నాను. నా భయం కోసం దాని నోట్లో సీసం పెట్టలేను.

4 ఏప్రిల్

లంబాసాకి ఉత్తరం పోస్ట్ చేశాను. హిందీలో మాట్లాడే మనిషికి ఇంగ్లీషులో రాయడం కష్టం. నాలుగు చిత్తు కాగితాలు చింపాను. ఐదోది పంపాను: పిల్ల బాగుంది. ఈ కాగితం మీద సంతకం కావాలి. నీ నుంచి ఇంకేమీ అడగను.

11 ఏప్రిల్, బుధవారం

మిస్ లితియా ఇంటికి వచ్చింది. పొద్దున నాలుగింటికే లేచి నేల కడిగాను. ఆమె నేల చూడనే లేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, మీరెక్కడ పడుకుంటారు, స్నానం ఎవరు చేయిస్తారు, జ్వరం వస్తే ఎవర్ని పిలుస్తారు. అన్నీ అడిగింది. సిగ్గు పడకుండా చెప్పాలని ముందే అనుకున్నాను. అయినా సిగ్గేసింది. ఆడపిల్ల కదా, పెద్దదవుతుంది, అప్పుడెలా అంది. తెలియదన్నాను. నిజం అదే. ఆమె ఫైలులో ఏదో రాసింది. తలకిందులుగా చదవగలను. చదవలేదు. కిటికీ వైపు చూశాను.

తర్వాత సత్యని పిలిచి ఈ జడ ఎవరు వేశారని అడిగింది. సత్య నన్ను చూపించింది. మిస్ లితియా ఫైలు మూసి, పిల్లని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, నేను వేసిన జడలు విప్పేసింది. నన్ను దగ్గరికి రమ్మంది. పాయలు మూడూ ఒకే లావు తీయాలట. నేను అదే తప్పు చేస్తున్నాను. ఒక జడ ఆమె వేసింది. రెండోది నాతో వేయించింది. వంకరగా వచ్చింది. పర్వాలేదు, సెంగా నా లెంగా అంది.

ఇలాంటి పని ఆమె ఉద్యోగంలో లేదు.

27 ఏప్రిల్

లంబాసా నుంచి ఏమీ లేదు.

8 మే

ఏమీ లేదు. ఓం ప్రకాష్ గారి భార్య వారానికి రెండు రోజులు సత్యని చూస్తోంది. మిగతా రోజులు ప్రెస్ గుమ్మంలో, కేసులకి దూరంగా, చాప వేసి కూర్చోబెడుతున్నాను. లేచిందా అని నిమిషానికోసారి చూస్తాను. తప్పులు ఎక్కువయ్యాయి. ఓం ప్రకాష్ గారు ప్రూఫులు తనే రెండుసార్లు చదువుతున్నారు. చెప్పకుండా చదువుతున్నారు. నేను చూశాను.

19 మే, శనివారం

మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే ఒక ఆడమనిషి. ముప్పై లోపే. నెత్తిన ముసుగుగా ఓఢ్నీ, చేతిలో బుట్ట, బోటు ప్రయాణంతో వాడిపోయిన ముఖం.

"వీరస్వామి భయ్యా? హమ్ జసోద. లంబాసా సే."

ధర్మేంద్ర రెండో భార్య. పిల్లని తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయాను. ఆమెకి అర్థమైంది.

"డరో మత్ భయ్యా. హమ్ ఖాలీ దేఖే ఆయా." భయపడొద్దు, ఊరికే చూడ్డానికి వచ్చానంది.

లోపలికి రమ్మన్నాను. టీ పెట్టాను. చేతులు ఏం చేస్తున్నాయో తెలియక చక్కెర రెండుసార్లు వేశాను. ఆమె అలాగే తాగింది.

చెప్పుకొచ్చింది. నా ఉత్తరం ఏప్రిల్లోనే అందిందట. ధర్మేంద్ర దాన్ని రేడియో కింద పెట్టాడు. ఔననడు, కాదనడు. రేడియో పెట్టినప్పుడల్లా ఆ కాగితం కదులుతూ ఉండేదట. ఒకరోజు ఆమె తీసి, స్కూల్ మాస్టర్ దగ్గరికి వెళ్లి చదివించుకుంది. అతనికి సువాలో భార్య ఉందని ఆమెకి పెళ్లప్పుడు తెలియదు. తన మొదటి బిడ్డ పుట్టాక తెలిసింది. కాంత పోయిన టెలిగ్రాం వచ్చినరోజు అతను అన్నం తినలేదట. అంతే. రాలేదు, తినలేదు.

తర్వాత ఆమె ఏం చేసిందో నాకు ఇంకా వింతగానే ఉంది. మిల్లు దగ్గర జేపీ ఇంటికి అతన్ని ఆదివారం పూట తనే తీసుకెళ్లింది. సంతకం పెట్టే దాకా గుమ్మం దగ్గర కూర్చుంది. నేను అడిగినదానికి కింద ఇంకో వాక్యం రాయించింది: ఈ పిల్ల మేనమామ దగ్గరే పెరగాలి, నేను ఎప్పటికీ వెనక్కి అడగను.

"ఆ మాట మీరు అడగలా," అంది హిందీలో. "నాకూ ఆడపిల్లే భయ్యా. ఇవాళ కాదంటాడు, రేపు రమ్మంటాడు. పిల్లకి ఒక ఇల్లు ఉండాల."

పోస్టులో పంపవచ్చు. కానీ జసోద తల్లికి కళ్ల ఆపరేషన్ సువాలో. ఎలాగూ వస్తున్నాను కదా అని తనే తెచ్చింది. కాగితం బుట్ట అడుగున, ఒక కొత్త గౌను మడతలో ఉంది. గౌను సత్యకి రెండేళ్లు పెద్దది. పక్కన నిమ్మకాయ పచ్చడి సీసా.

సత్య నిద్ర లేచి వచ్చి, నా కాలు చాటు నుంచి చూసింది. ఎవరు మామా అని అడిగింది. నోటికి ఒకే మాట వచ్చింది. పిన్ని అన్నాను.

జసోదకి ఆ మాట తెలియదు. క్యా బోలా భయ్యా అంది. అమ్మ చెల్లెలు అని చెప్పాను. నాన్న రెండో భార్యని కూడా తెలుగులో అదే అంటారు, కానీ అది చెప్పలేదు. చెప్పక్కర్లేదు అనిపించింది. ఆమె ఓఢ్నీ ముఖం మీదికి లాక్కుంది.

పిల్లని ముట్టుకోలేదు. బస్ స్టాప్ దాకా ముగ్గురం నడిచాం. బస్సు వచ్చే ముందు సత్యే వెళ్లి ఆమె వేలు పట్టుకుంది.

ఈమె నాకు ఏమవుతుందో ఏ ఫారంలో రాయాలో తెలియదు. ఆమెకి నేను చేసింది ఏమీ లేదు. ఆమె నాకు ఒక బిడ్డని ఇచ్చి వెళ్లింది.

21 మే, సోమవారం

మిస్ లితియా కాగితం రెండుసార్లు చదివింది. నేను అడిగినదానికంటే ఎక్కువే తెచ్చారే అంది. తెచ్చింది నేను కాదని చెప్పాను. మొత్తం చెప్పాను. గది బయట క్యూ పెరుగుతున్నా ఆమె పెన్ను కింద పెట్టి విన్నది.

15 జూన్, శుక్రవారం

డియర్ సర్. మంజూరైంది. సోమవారం నుంచి.

ఉత్తరం ప్రెస్‌కి తీసుకెళ్లి ఓం ప్రకాష్ గారికి ఇచ్చాను. ఆయన అలవాటుగా పెన్ను తీసి ప్రూఫ్ చదివినట్టు మొత్తం చదివారు. ఒక తప్పు ఉంది, ఇంటి నంబర్. కానీ ఇది మనం దిద్దొద్దు అన్నారు. భార్యకి ఫోన్ చేసి చెప్పారు, నాకంటే గట్టిగా.

17 జూన్, ఆదివారం

నటబువాకి ఉత్తరం రాశాను. నవువాకి ఒకటి, తెలుగులో. లంబాసాకి ఒకటి, ఈసారి చిత్తు కాగితాలు లేకుండా. ముగ్గురికీ ఒకే మాట రాయబోయాను. ఒకే మాట సరిపోలేదు. కాకీకి మూడు పేజీలయింది.

18 జూన్, సోమవారం

నర్సరీ. సలోటె టీచర్ సత్య చేయి అందుకుంది. గుమ్మంలో పిల్లలంతా ఒకేసారి బులా అని పలకరింపుగా అరిచారు. సత్య నన్ను వదిలి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నువ్వు ఏడవకు, నాలుగున్నరకి వస్తాను అంది. నేను చెప్పాల్సిన మాట అది.

ప్రెస్‌లో తొమ్మిది గంటలు ఒక్క తప్పు లేదు.

మధ్యాహ్నం వర్షం మొదలైతే, నర్సరీ హాలు పైకప్పు కారుతుందేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, కారితే సలోటె టీచర్ ఉంది. ఇంతకాలం ఈ పట్టణంలో నేనూ నా చెల్లెలి బిడ్డా ఒంటరి వాళ్లమని అనుకున్నాను. ఈ నాలుగు నెలల్లో మా కోసం లేచి నిలబడిన వాళ్లని తలుచుకుంటే, ఆ మాట అనడానికి సిగ్గుగా ఉంది.

9 జూలై, సోమవారం

లంచ్‌లో వెల్ఫేర్ ఆఫీస్‌కి వెళ్లాను. పని లేదు. థాంక్యూ చెబుదామని. క్యూలో ముప్పావుగంట నిలబడ్డాను. మిస్ లితియాకి లౌటోకా ట్రాన్స్‌ఫర్ అయిందట. విండోలో కొత్తావిడ ఏ ఫారం కావాలని అడిగింది. ఏదీ వద్దన్నాను. మరి ఎందుకొచ్చారంది. దానికి జవాబు చెప్పేలోపు నా వెనక పసిబిడ్డతో ఉన్న అమ్మాయి ముందుకు వచ్చింది, ఫారం తీసుకుంది, రాయడానికి ఏమీ లేక అటూ ఇటూ చూసింది. నా పెన్ను ఇచ్చాను. మొదటి పేజీ అయ్యేదాకా బిడ్డని ఎత్తుకున్నాను.

ప్రెస్‌కి లేటయింది. పెన్ను అక్కడే ఉండిపోయింది. ఇది పెన్సిల్‌తో రాస్తున్నాను.